కొసరుకు ఇంగ్లీషు మాట

మా తూకాల ఆఫీసులో ఒక ఇనప బీరువా ఉంది. అడుగు తొలిచి బెండు కూరిన కిలో రాళ్లు, పళ్లెం కింద అంటించే అయస్కాంతాలు, ఒకవైపు దూలం అరంగుళం పొడుగున్న తక్కెడలు, ఇలా ఇరవై ఏళ్లుగా బజారులో పట్టుకొచ్చినవన్నీ అందులోనే ఉంటాయి. దాని తలుపు మీద ఎవరో ఎప్పుడో సుద్దముక్కతో 'మోసాలు' అని రాశారు. కొత్త డిప్యూటీ కంట్రోలరు పరాంకుశం గారు ఛార్జి తీసుకున్న రోజున ఆఫీసంతా తిరిగి చూస్తూ ఆ బీరువా ముందు ఆగిపోయారు.

"ఇన్ని రకాలకి ఒకటే మాటా?" అన్నారు.

నేను సీనియర్ అసిస్టెంటుని. బీరువా తాళాలు నా దగ్గరే ఉంటాయి. మొదటి నుంచీ అంతేనని చెప్పాను. ఆయన మొహం చూస్తే ఇంట్లో ఎవరికో బాగాలేదని కబురొచ్చినట్టుంది.

అంతకు ముందు నెలే ఆయన 'పరిపాలనలో పద ఖచ్చితత్వం' అనే శిక్షణకి వారం రోజులు వెళ్లొచ్చారు. బరువు తూచడానికి మిల్లీగ్రాము దాకా రాళ్లున్న శాఖ, మోసాన్ని మాత్రం ఒకే రాయితో తూచడం తలవంపులని ఆయన అభిప్రాయం. దానికి తోడు కిందటేడు ఒక కేసు కోర్టులో పోయింది. మా ఇనస్పెక్టరు 'ఫ్రాడ్' అని రాస్తే, వ్యాపారి తరఫు వకీలు లేచి అది ఫ్రాడ్ కాదు, ఉత్త 'ట్రిక్' అన్నాడు. రెంటికీ తేడా ఏమిటో చెప్పమని మెజిస్ట్రేటు గారు అడిగితే మా ఇనస్పెక్టరు రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

పదిహేను రోజుల్లో సర్క్యులర్ వచ్చింది. ఇకపై ఏ కేసు రాసినా ఫారంలో తొమ్మిదో గడిలో ఆ నేరానికి సరిపోయే ఇంగ్లీషు మాట ఒకే ఒక్కటి రాయాలి. మాటలు పన్నెండు. తక్కువ నుంచి ఎక్కువకి వరసగా క్లెవర్, స్మార్ట్, ష్రూడ్, కన్నింగ్, స్లై, క్రాఫ్టీ, ట్రిక్, బ్లఫ్, హోక్స్, చీటింగ్, డిసీట్, ఫ్రాడ్. తొమ్మిదో గడి నిండేదాకా పట్టుకున్న సరుకు ఆఫీసులోనే ఉండాలి.

తెలుగులో రాస్తే ఏమవుతుందని అటెండరు దాలయ్య అడిగాడు. తెలుగు మాటలు వాడి వాడి అరిగిపోయాయనీ, అరిగిన రాయి తూకానికి పనికిరాదనీ పరాంకుశం గారు సెలవిచ్చారు.

ఆ శనివారం మా అందరికీ క్లాసు తీసుకున్నారు. నిజం చెప్పాలంటే బాగానే చెప్పారు. ఎవరికీ నష్టం లేకుండా తన పని చక్కబెట్టుకునేవాడు క్లెవర్. ఎదుటివాడి మనసు ముందే కనిపెట్టి తాను నష్టపోకుండా చూసుకునేవాడు ష్రూడ్. పళ్లెం కింద అయస్కాంతం పెట్టి పైకి నమస్కారం పెట్టేవాడు కన్నింగ్. 'పాపకి జ్వరం తగ్గిందా అమ్మా' అని మన కళ్లలోకి చూస్తూ బొటనవేలు పళ్లెం మీద ఆనించేవాడు స్లై. రాయి తొలిచి, బెండు కూరి, మైనం పూసి మెరుగు పెట్టేవాడు క్రాఫ్టీ, వాడిది చేతిపని. ఒకసారి చేసి ఊరుకుంటే ట్రిక్. ఏళ్ల తరబడి దాస్తే డిసీట్. దాచినదానికి రసీదు కూడా ఇస్తే ఫ్రాడ్.

"కన్నింగ్ అనేది మార్గానికి సంబంధించిన విషయం. స్లై అనేది దృష్టికి సంబంధించిన విషయం. ఈ రెంటినీ కలిపేవాడు శాఖకు శత్రువు" అని ముగించారు. దాలయ్య చప్పట్లు కొట్టాడు.

మాటలు కాగితం మీద ఉంటే చాలదు, కొలతల శాఖ కాబట్టి నమూనాలుండాలన్నారు. కంచరి చేత పన్నెండు ఇత్తడి రాళ్లు పోయించారు. క్లెవర్ ఐదు గ్రాములు, ఫ్రాడ్ రెండు కిలోలు, మిగతావి మధ్యలో. ఒక్కో రాయి మీద ఒక్కో మాట చెక్కించి, ఊదారంగు మఖమలు గుంటలున్న పెట్టెలో పెట్టించారు. ఇనస్పెక్టర్లు ఆ పెట్టె మోసుకుని బజారుకి వెళితే, వ్యాపారులు మొదట్లో అది ఏదో దేవుడి పెట్టె అనుకుని చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నారు.

తర్వాత ఇంకో సందేహం వచ్చింది. ఇత్తడి రాయిని చూస్తే స్లై ఎంత బరువో తెలుస్తుంది గాని ఎలా ఉంటుందో తెలియదు. కాబట్టి ప్రతి మాటకీ సిబ్బందిలోంచి ఒక ప్రామాణిక వ్యక్తిని నియమించాలని నిర్ణయమైంది. అనుమానం వచ్చిన ఇనస్పెక్టరు ముద్దాయిని తీసుకొచ్చి ఆ వ్యక్తి పక్కన నిలబెట్టి పోల్చుకోవచ్చు. దరఖాస్తులు పిలిస్తే క్లెవర్‌కి పదకొండు వచ్చాయి, మిగతా వాటికి ఒక్కటీ రాలేదు. అప్పుడు ఉద్యోగుల సంఘం వాళ్లు కలగజేసుకుని, బరువైన మాటలు సీనియర్లకే ఇవ్వాలని పట్టుబట్టారు. ఆ లెక్కన ఫ్రాడ్ మా హెడ్ క్లర్కు గారికి దక్కింది. రిటైర్మెంటుకి ముందు ఈ గౌరవం దక్కినందుకు ఆయన అందరికీ మైసూరుపాకం పంచారు. ఆ పదవికి తగినట్టు కొత్త కుర్చీ, బల్ల ఫ్యానూ ఇచ్చారు. సర్క్యులర్‌లో పదకొండో నిబంధన ఉంది. నమూనా చెడిపోకుండా ఉండటానికి దాని సాధన సామగ్రి దానితోనే, దాని చోటులోనే ఉంచాలి.

నాకు స్లై వచ్చింది. బల్ల మీద చిన్న బోర్డు పెట్టారు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన పేపరు దించకుండానే, తాను ఇరవై రెండేళ్లుగా చెబుతున్న సంగతి మా ఆఫీసు నెలలో కనుక్కుందన్నాడు.

ఇలా ఉండగా ఒక మంగళవారం అసిరమ్మ తక్కెడ మా ఆఫీసుకొచ్చింది.

మునిసిపల్ మార్కెట్లో గేటు దాటగానే కుడిచేతివైపు మొదటి గట్టు అసిరమ్మది. నేను కాపురానికొచ్చినప్పటి నుంచి మా ఇంటికి కూరలు ఆ గట్టు మీంచే వస్తున్నాయి. ఇనస్పెక్టరు సన్యాసిరాజు ఆ ఉదయం మామూలు మనిషిలా వెళ్లి కిలో వంకాయలు అడిగాడు. ఆవిడ తూచింది. తూచిన వంకాయలు సంచీలో పడగానే అతను గుర్తింపు కార్డు చూపించి తన కాటా మీద పెట్టాడు. తొమ్మిది వందల అరవై గ్రాములు. అసిరమ్మ పిడికెడు పచ్చిమిరపకాయలు పట్టుకుని 'ఉండండి బాబూ, కొసరు యెయ్యనేదు' అంటూనే ఉంది. అతను వినిపించుకోలేదు. సన్యాసిరాజు చెడ్డవాడేం కాదు. ఇంట్లో కూరలు వాళ్లావిడ తెస్తుంది, అతను జన్మలో సంచీ పట్టి ఎరగడు. తక్కెడా రాళ్లూ పట్టుకొచ్చి, తొమ్మిదో గడిలో 'కన్నింగ్' అని రాశాడు.

మధ్యాహ్నం అసిరమ్మ ఆఫీసుకొచ్చింది. తక్కెడ కోసమే వచ్చిందనుకున్నాను. ముందు కొంగుముడి విప్పి పచ్చిమిరపకాయలూ రెండు రెబ్బలు కరివేపాకూ సన్యాసిరాజు బల్ల మీద పోసింది.

"బాబు కొసరు అట్టుకెళ్లనేదు. ఒకలి కొసరు నా కాడుంచుకోను" అంది.

సన్యాసిరాజు అలవాటు కొద్దీ వాటిని కాటా మీద పెట్టాడు. సరిగ్గా నలభై గ్రాములు.

అతను 'కన్నింగ్' కొట్టేసి పెట్టె పట్టుకుని పరాంకుశం గారి గదిలోకి వెళ్లాడు.

అసిరమ్మ నా బల్ల పక్కన నేల మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది. శనివారం మార్కెట్లో ఏ గట్టు ఎవరిదో పేర్లు మళ్లీ రాస్తున్నారు. ముద్ర ఉన్న తక్కెడ చూపించనివాళ్ల పేరు కొట్టేస్తారు. గేటు పక్క గట్టు కోసం ఒక ఐస్‌క్రీం అంగడివాడు ఆరు నెలలుగా కౌన్సిలరు ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. ఇది పోతే వెనక చేపలవైపు, ఎండలో చోటిస్తారు. అక్కడ తోటకూర పది గంటలకే తల వేలాడేస్తుంది. చేపల వాసన దాటుకుని వంకాయల కోసం ఎవరొస్తారు?

బుధవారం విచారణ జరిగింది. పరాంకుశం గారి బల్ల మీద ఊదారంగు పెట్టె తెరిచి ఉంది. నేను రాసుకుంటున్నాను.

"కొసరు అనగా ఏమిటి?" అని మొదలుపెట్టారు.

"తూసినాక ఏసేది బాబూ."

"ఎందుకు వేస్తారు?"

"అడుగుతారు."

"అడగకపోతే?"

"అడక్కపోతే ఇంకో రెండెక్కువేత్తాను. మొహమాటపడతన్నారు గదా, పాపం."

ముందు నలభై గ్రాములు తగ్గించి తర్వాత నలభై కలపడం దేనికి, మొదటే నిండు కిలో తూచవచ్చు గదా అని ఆయన నిలదీశారు. అసిరమ్మ చిన్నపిల్లలకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పింది.

"కిలో తూసీసి కొసరెయ్యకపోతే 'మా గీసి తూసినాది' అనీసి ఎళ్లిపోతారు, మరి రారు. కిలో తూసీసి ఆపైన కొసరేత్తే నా కూడు పోతాది. ఇలాగైతే ఆళ్లకి మనసు నిండుతాది, నా గంప కాళీ అవుతాది."

"అంటే కొనేవాళ్లని నమ్మిస్తున్నారన్నమాట."

"ఆళ్లకి తెల్సు బాబూ, నాను తగ్గిత్తానని."

"వాళ్లకి తెలుసని మీకు తెలుసా?"

"తెల్దేటి."

పరాంకుశం గారు ఇత్తడి రాళ్లు ఒక్కొక్కటే తీసి చూసి మళ్లీ గుంటల్లో పెట్టారు. డిసీట్ అందామంటే దాచినది లేదు. బ్లఫ్ అందామంటే ఇద్దరికీ తెలిసినది బ్లఫ్ కాదు. ష్రూడ్ అందామంటే తగ్గించినది తిరిగి ఇచ్చేసింది. ఇక నమూనాలతో పోల్చమన్నారు. హెడ్ క్లర్కు గారిని పిలిచి పక్కన నిలబెడితే ఎక్కడా పోలిక కుదరలేదు. ఆయన కొంచెం చిన్నబుచ్చుకున్నారు. తర్వాత నన్ను నిలబెట్టారు. అసిరమ్మ నా వైపు తిరిగి, దొండకాయలు లేతవి వచ్చాయనీ, శుక్రవారం దాకా తీసి ఉంచుతాననీ నెమ్మదిగా చెప్పింది. 'నమూనాతో సంభాషణ జరిగినది' అని సన్యాసిరాజు రికార్డు చేసుకున్నాడు.

చివరికి పరాంకుశం గారు ఒక సూత్రం పట్టుకున్నారు. మోసం ఉందంటే మోసపోయినవాళ్లు ఉండాలి. వాళ్లని చూస్తే మాట అదే దొరుకుతుంది. మార్కెట్ గేటుకి నోటీసు అంటించారు. అసిరమ్మ తూకం వల్ల మోసపోయినవారు గురువారం పదకొండు గంటలకు తగిన ఆధారాలతో హాజరు కావలెను.

గురువారం పదింటికే ముప్పై ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. వరండా చాలక సైకిలు షెడ్డులో కుర్చీలు వేశాం. ఫిర్యాదు ఇవ్వడానికి ఒక్కరూ రాలేదు. తమను మోసపోయినవాళ్లని అనుకున్నందుకు ఆఫీసుని కడిగేయడానికి వచ్చారు. అందరికంటే ముందు త్రిపురసుందరి గారు లేచారు. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు.

"నన్ను మోసం చేసేవాళ్లు ఇంకా పుట్టలేదండీ. ఆవిడ తగ్గిస్తుందని నాకు ఎప్పుడో తెలుసు. అందుకే ఆవిడ గోనెపట్టా సర్దుకునేటప్పుడు నేను ఒక చిన్న వంకాయ సంచీలో వేసుకుంటాను."

ఈ మాట ఆవిడ తలెత్తుకుని చెప్పారు. దాంతో మిగతావాళ్లకి ధైర్యం వచ్చింది. ముదురో లేతో చూడటానికి బెండకాయ కొన విరుస్తామనీ, విరిచిన కాయ మళ్లీ కుప్పలో వెయ్యడం మర్యాద కాదు కాబట్టి సంచీలో వేసుకుంటామనీ ఒకావిడ చెప్పింది. కొత్తిమీర కట్ట దులిపేటప్పుడు రాలిన రెబ్బలు నేల మీద వదలడం పాపమని ఇంకొకావిడ. వాళ్లు ఆధారంగా తెచ్చిన సంచీల్లోంచి అలా వేసుకున్నవన్నీ తీసి సన్యాసిరాజు తూచి సగటు కట్టాడు. మనిషికి ఇరవై గ్రాములు తేలింది. అతను పరాంకుశం గారి చెవి దగ్గరికి వంగి, ముప్పై రెండు సంచీలూ స్వాధీనం చేసుకోమంటారా అని అడిగాడు. నేను తల వంచుకుని రాసుకుంటున్నాను. కరివేపాకు నేనూ వేసుకుంటాను, ఇన్నేళ్ల నుంచీ.

పరాంకుశం గారి మొహం వెలిగింది. లేచి నిలబడి అసిరమ్మకి చాలా గౌరవంగా చెప్పారు.

"అమ్మా, ఈ వ్యవహారంలో మోసపోయిన పక్షం మీరే. మీరు ఫిర్యాదు దాఖలు చేసుకోవచ్చు."

అసిరమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"అది నాకు తెల్దేటి బాబూ. ఆ ఒంకాయ లెక్కేసుకునే తగ్గిత్తాను. ఆళ్లకైతే అరవై తగ్గిత్తాను. ఈ ఇనస్పెట్రు బాబు మొహం సూత్తే ఏటీ ఏసుకునే మడిసి కాదని తెలిసింది, అందుకే నలబయ్యే తగ్గించినాను."

సన్యాసిరాజుకి ఉద్యోగంలో అంత మంచి రిమార్కు ఎవరూ ఇచ్చి ఉండరు. అతని కళ్లు చెమర్చాయి.

ఎన్నాళ్ల నుంచి అలా తగ్గిస్తున్నావని త్రిపురసుందరి గారు అడిగారు.

"మీరు లెక్కల టీచరమ్మ గదా. మొదటి దినం నించే" అంది అసిరమ్మ.

సన్యాసిరాజు అక్కడికక్కడే లెక్క కట్టాడు. తొమ్మిది వందల నలభై, నలభై కొసరు, ఇరవై వంకాయ. మొత్తం కిలో. ఏ సంచీ తూచినా కిలోయే. మా ఆఫీసు ముద్ర వేసిన కాటాలు కూడా అంత సరిగ్గా తూచవు.

ఆడవాళ్లు వెళ్లిపోయాక పరాంకుశం గారు పెట్టె ముందు ఒంటరిగా కూర్చున్నారు. అందరూ అందర్నీ మోసం చేస్తున్నారు, ఎవరూ మోసపోవడం లేదు, దీనికి ఇంగ్లీషులో మాట లేదు అని నాతో చెప్పారు. హెడ్డాఫీసుకి రాసి నిపుణుల కమిటీ వేయించాలట. కమిటీ మూడు నెలలు తీసుకుంటుందట. అందాకా తక్కెడ బీరువాలోనే.

వరండాలో అసిరమ్మ ఇంకా కూర్చుని ఉంది. అంతమంది మధ్య తొణకని మనిషి, నేను చెప్పింది విని, "శనివారానికి అవ్వదామ్మా అయితే?" అని మాత్రం అడిగింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మర్నాడు ఆఫీసుకి గంట ముందు వెళ్లి నోటు రాశాను. ఇలాంటి నోట్లు ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను, ఏ మాటకి ఆఫీసర్లు కరుగుతారో నాకు తెలుసు. 'పదమూడవ భావనకు దేశంలో ఎక్కడా ప్రమాణం లేదు. దాని ఏకైక సజీవ నమూనా మన పరిధిలో ఉండటం ఈ కార్యాలయం అదృష్టం. నమూనాను ఉన్న చోటు నుంచి కదిపినచో ప్రమాణం చెడిపోవు ప్రమాదం గలదు. కావున పదకొండవ నిబంధన ననుసరించి, సదరు నమూనా యొక్క తక్కెడకు ముద్ర వేసి తిరిగి ఇచ్చుటకును, నమూనాను మార్కెట్ గేటు కుడివైపు మొదటి గట్టు మీదనే శాశ్వతంగా భద్రపరచుటకును ఉత్తర్వులు కోరడమైనది.'

పరాంకుశం గారు రెండుసార్లు చదివారు. పెట్టె వైపు చూశారు. ఆయన కళ్లలో పదమూడో గుంట కనబడుతోంది. కలం తీసి, మళ్లీ ఆగారు.

"సుభాషిణి గారూ, ఇందులో మీ స్వప్రయోజనం ఏమీ లేదు కదా?"

నేను ఆయన కళ్లలోకి చూశాను.

"మీ బాబుకి జ్వరం తగ్గిందా సార్?"

"ఆఁ, రాత్రి నుంచి లేదమ్మా. ఇవాళ ఇడ్లీ తిన్నాడు" అంటూ సంతకం పెట్టారు.

శనివారం గట్లు రాసేవాళ్లొచ్చేసరికి అసిరమ్మ తక్కెడ గేటు పక్కనే వేలాడుతోంది. దాని మీద మా ముద్ర, గట్టు మీద మా ఆఫీసు రేకు బోర్డు ఉన్నాయి. 'రక్షిత ప్రమాణం. కదల్చరాదు.' ఐస్‌క్రీం అంగడివాడు ఆ బోర్డు చదివి చేపలవైపు వెళ్లిపోయాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మా నోటు హెడ్డాఫీసుకి నచ్చింది. నాలుగు నెలల తర్వాత రాష్ట్రమంతటికీ ఉత్తర్వులొచ్చాయి. ఇంగ్లీషు మాట దొరకనందువల్ల 'కొసరు' అనే మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో చెక్కించి నలభై గ్రాముల ఇత్తడి రాయి పోయించారు. ప్రతి కూరల వ్యాపారీ కిలో తూచిన తర్వాత ఆ రాయి పెట్టి నలభై గ్రాముల కొసరు విడిగా తూచి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫ్రాడ్.

కొత్త రాయి వచ్చిన రోజు నేను మార్కెట్లోనే ఉన్నాను. అసిరమ్మ త్రిపురసుందరి గారికి కిలో వంకాయలు తూచింది. ఇత్తడి రాయి పెట్టి మిరపకాయలు తూచి సంచీలో పోసింది. త్రిపురసుందరి గారు సంచీ మూతి ముయ్యలేదు.

"అది గవర్నమెంటుది. నీ కొసరేదీ?" అన్నారు.

అసిరమ్మ పిడికెడు తీసి వేసింది. ఇలా అయితే ఎలా గిట్టుతుందని తర్వాత అడిగాను. మొదటే వంద తగ్గిస్తున్నానంది.

ఆ ఆదివారం పరాంకుశం గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. ఎవరూ గుర్తుపట్టకూడదని లుంగీ కట్టుకుని, ఇంట్లోంచి చేతిసంచీ తెచ్చుకున్నారు. నేను దొండకాయలు ఏరుకుంటూ పక్కకి జరిగాను. కిలో బెండకాయలు తూయించుకున్నారు. గవర్నమెంటు కొసరు తీసుకున్నారు. తీసుకుని, సంచీ మూతి తెరిచి పట్టుకుని, ఏదో మబ్బు పడుతోందేమో చూస్తున్నట్టు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డారు. ఏమీ అడగలేదు. అసిరమ్మ ఆయన మొహం ఒకసారి చూసి, పిడికెడు వేసి, ఇంకో రెండు వేసింది. తర్వాత గోనెపట్టా సర్దడానికి అటు తిరిగింది.

పరాంకుశం గారు ఒక బెండకాయ తీసి కొన విరిచి చూశారు. లేతదే. సంచీలో వేసుకున్నారు.

నేను చూపు గేటు వైపు తిప్పుకున్నాను. ఆయనకి ఎంత తగ్గించిందో అసిరమ్మని అడగలేదు.